గోడ మీది ముఖాలు: పారేయాల్సిన మాస్క్‌లు ఇంటి అలంకరణ ఎలా అయ్యాయి?

ఇవాళ్టి ఎపిసోడ్ మాస్క్‌ల గురించి. కోవిడ్ టైమ్‌లో పెట్టుకున్నవి కాదు. ముఖం మొత్తం కప్పేసి మనల్ని ఇంకొకళ్ళలా చూపించే మాస్క్‌లు. డార్త్ వేడర్, ఫ్రాంకెన్‌స్టైన్ భూతం, స్పైడర్‌మ్యాన్, మనీ హైస్ట్‌లో డాలీ ముఖం... అలాంటివి. అక్టోబర్ వచ్చిందంటే చాలు, హాలోవీన్ డెకరేషన్ అంటూ గోడ నిండా ఇలాంటి ముఖాలు తగిలించిన గదుల ఫోటోలు మన ఫోన్లలోకి వచ్చేస్తాయి. అమెరికాలో ఉన్న మన వాళ్ళ ఇళ్ళల్లో చూస్తున్నాం, ఈ మధ్య హైదరాబాద్, బెంగళూరు ఫ్లాట్లలో కూడా చూస్తున్నాం.

చూడగానే ఏమనిపిస్తుంది? "ఇదంతా ఈ తరం పిచ్చి, సినిమాలు చూసి చేస్తున్నారు" అనిపిస్తుంది. కానీ వేసుకోవడానికి చేసిన ముఖాన్ని తీసుకెళ్ళి ఇంటి గోడకి తగిలించడం అనే అలవాటుకి రెండు వేల ఏళ్ళకు పైగా చరిత్ర ఉంది. ఆ చరిత్రలో నాకు కనిపించిన విషయం ఒక్కటే. గోడ మీద ఉన్న మాస్క్‌కి అది దాదాపు ఎప్పుడూ రెండో ఉద్యోగం. మొదటి ఉద్యోగం వేరే ఉండేది: నాటకంలోనో, అంత్యక్రియల్లోనో, ఒక రాత్రి పండగలోనో. ఆ పని అయిపోయాక చాలా మాస్క్‌లు చెత్తలోకి పోయాయి. ఎవరో ఒకరు "దీన్ని ఉంచుదాం" అనుకున్నవే మిగిలాయి. ఆ ఎవరో ఒకరు ఎవరు అన్నదే ఇవాళ్టి కథ.

మొదట రోమ్‌కి వెళ్దాం.

ప్రాచీన రోమ్‌లో పెద్ద కుటుంబాల ఇళ్ళల్లో ఒక ఆచారం ఉండేది. ఇంట్లో పెద్ద పదవులు చేసిన వాళ్ళ ముఖాలని మైనంతో మాస్క్‌లుగా చేయించేవాళ్ళు. వాటిని ఇంటి ముందు భాగంలో, వచ్చిన వాళ్ళందరికీ కనిపించే చోట, చెక్క అరల్లో పెట్టేవాళ్ళు. మన ఇళ్ళల్లో హాల్లో తాతగారి ఫోటోకి దండ వేసి పెడతాం కదా, దాదాపు ఆ స్థానం. క్రీస్తు పూర్వం 2వ శతాబ్దంలో పొలిబియస్ అనే గ్రీకు చరిత్రకారుడు దీని గురించి రాశాడు. ఇక్కడే అసలు విషయం ఉంది. ఇంట్లో ఇంకో పెద్దాయన చనిపోతే ఆ మాస్క్‌లని అరల్లోంచి కిందకి దించేవాళ్ళు. పోలికలు, ఎత్తు సరిపోయే మనుషులని చూసి వాళ్ళకి ఆ ముఖాలు తొడిగేవాళ్ళు. పూర్వీకుల పదవులకి తగిన బట్టలు కూడా వేసేవాళ్ళు. అంటే శవయాత్రలో చనిపోయిన తాతలు, ముత్తాతలు అందరూ నడిచి వస్తున్నట్టు ఉండేదన్నమాట. అయిపోయాక ఆ ముఖాలు మళ్ళీ అరల్లోకి.

గమనించారా? ఒకే వస్తువు, రెండు పనులు. వేసుకున్నప్పుడు మనిషి, ఇంట్లో ఉన్నప్పుడు జ్ఞాపకం.

ఇది పెద్దింటి వ్యవహారం. సరదా కోసం తగిలించినవి కూడా ఉన్నాయి. పాంపే నగరం తెలుసు కదా, క్రీస్తు శకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయింది. ఆ బూడిదే దాన్ని మనకోసం దాచిపెట్టింది. అక్కడ 'బంగారు మన్మథుల ఇల్లు' అని పిలిచే ఒక ఇంటి పెరటి తోటలో పాలరాతి మాస్క్‌లు, స్తంభాల మధ్య వేలాడదీసే పాలరాతి బిళ్ళలు దొరికాయి. ఆ మాస్క్‌లు నాటకాల్లో వేసుకునే ముఖాల నమూనాలు. పాంపే గోడల మీద వేసిన బొమ్మల్లో కూడా నాటకం మాస్క్‌లు ఎన్నో చోట్ల కనిపిస్తాయి. ఆ రోజుల్లో నాటకం అంటే ఇవాళ మనకి సినిమా లాంటిది. అంటే ఆ ఇంటాయన తనకిష్టమైన వినోదం తాలూకు ముఖాలని ఇంట్లో పెట్టుకున్నాడు. మనం స్టార్ వార్స్ మాస్క్ తగిలించుకున్నా చేస్తున్నది అదే.

ఇక్కడి నుంచి ఒక్కసారిగా చాలా శతాబ్దాలు దాటేస్తున్నాను, ఎందుకంటే ఇవాళ మనం చూస్తున్న హాలోవీన్ గోడ పుట్టింది 20వ శతాబ్దపు అమెరికాలో.

హాలోవీన్ మూలాలు ఐర్లండ్, స్కాట్లండ్‌లో ఉన్నాయి. పంటలు అయిపోయి చలికాలం మొదలయ్యే వేళ వచ్చే సావిన్ అనే పండగ, దానికి తోడు క్రైస్తవంలో నవంబర్ 1న వచ్చే సర్వ పునీతుల పండగ, ఈ రెండూ కలిశాయి. పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరగడం అక్కడ పాత అలవాటు. మన దగ్గర పగటి వేషగాళ్ళు ఇంటి ముందుకొచ్చి ఆడితే బియ్యమో, డబ్బులో ఇచ్చేవాళ్ళు కదా. అలాంటిదే, కాకపోతే అక్కడ వచ్చేది పక్కింటి పిల్లలు. 19వ శతాబ్దంలో కరువు తట్టుకోలేక లక్షల మంది ఐరిష్ వాళ్ళు అమెరికా వెళ్ళిపోయారు, పండగ కూడా వాళ్ళతో వెళ్ళింది. అక్కడ లాంతర్లు చెక్కడానికి వాళ్ళ ఊరి టర్నిప్ దుంపల కంటే పెద్ద గుమ్మడికాయలు దొరికాయి. అందుకే ఇవాళ హాలోవీన్ అంటే గుమ్మడికాయ.

అప్పట్లో మాస్క్‌లు గంజి పెట్టి బిగించిన గుడ్డతోనో, కాగితపు గుజ్జుతోనో చేసేవాళ్ళు. పండగ కోసం ఇల్లు అలంకరించాలి అనే ఆలోచనని పెద్ద వ్యాపారంగా మార్చిన కంపెనీల్లో ముఖ్యమైనది డెనిసన్. అది మసాచుసెట్స్‌లో కాగితం వస్తువులు తయారు చేసే సంస్థ. 1909లో 'బోగీ బుక్' అని ఒక పుస్తకం తెచ్చారు. హాలోవీన్‌కి ముడతల కాగితంతో ఇల్లు ఎలా అలంకరించాలి, వేషాలు ఎలా కుట్టుకోవాలి, పార్టీ ఎలా చేయాలి, అన్నీ అందులో ఉండేవి. అలంకరణకి కావాల్సిన కాగితం మాత్రం వాళ్ళ దగ్గరే కొనాలి. పుస్తకం పేరుతో కేటలాగ్ అమ్మారన్నమాట. ఇవాళ మనం చూసే డెకరేషన్ వీడియోలకి ముత్తాత అదే.

ఇప్పుడు ప్లాస్టిక్ కాలానికి వద్దాం. ఈ కథలో మొదటి పెద్ద మలుపు ఇదే.

1937లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో బెన్ కూపర్ అనే కంపెనీ మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో అమెరికాలో చక్కెరకి రేషన్ పెట్టారు, అందుకని పిల్లలకి మిఠాయిలు పంచడం తగ్గింది. యుద్ధం అయిపోయాక ఒక్కసారిగా పండగ పుంజుకుంది. కొత్త కాలనీలు, కొత్త టీవీలు, బోలెడంత మంది పిల్లలు. ప్రతి పిల్లాడికీ వేషం కావాలి, చవగ్గా కావాలి.

దీనికి వాళ్ళకి దొరికిన టెక్నాలజీ వాక్యూమ్ ఫార్మింగ్. బీటెక్‌లో మెకానికల్ వాళ్ళకి ఇది బాగా తెలుసు. పల్చటి ప్లాస్టిక్ షీట్‌ని వేడి చేస్తారు, మెత్తబడగానే అచ్చు మీద పరుస్తారు, కింద నుంచి గాలి లాగేస్తారు. షీట్ అచ్చుకి అతుక్కుని సెకన్లలో ముఖం తయారు. చల్లారాక కత్తిరించి, కళ్ళకి రెండు రంధ్రాలు, ఊపిరికి చిన్న చీలిక, వెనక ఒక ఎలాస్టిక్ తాడు స్టేపుల్ కొడితే అయిపోయింది.

ఈ మాస్క్, దానితోపాటు ఒక పల్చటి వేషం, రెండూ కలిపి ఒక అట్టపెట్టెలో పెట్టి అమ్మేవాళ్ళు. పెట్టె పైన పారదర్శకమైన కాగితం కిటికీ, అందులోంచి మాస్క్ మనల్నే చూస్తూ ఉంటుంది. షాపులో పిల్లల్ని పడగొట్టింది ఆ కిటికీయే. వేషం మాత్రం మహా కామెడీగా ఉండేది. స్పైడర్‌మ్యాన్ వేషం వేసుకుంటే ఛాతీ మీద స్పైడర్‌మ్యాన్ బొమ్మ, పైన ఆయన పేరు కూడా రాసి ఉండేది! మన సూపర్‌హీరో తన సొంత టీ షర్ట్ వేసుకుని తిరుగుతున్నట్టు. డిస్నీ బొమ్మలు, సూపర్‌మ్యాన్, 1977 తర్వాత స్టార్ వార్స్, పిల్లలు టీవీలో, సినిమాల్లో ఏది చూస్తే అది ఆ పెట్టెలోకి వచ్చేది.

ఇవి ఒక్క రాత్రికి చేసినవి. మర్నాటికి స్టేపుల్ ఊడిపోతుంది, ప్లాస్టిక్ పగులుతుంది, అమ్మ చెత్తబుట్టలో పడేస్తుంది. కంపెనీ కూడా అదే కోరుకుంటుంది, వచ్చే ఏడాది మళ్ళీ కొనాలి కదా. 1982లో షికాగో ప్రాంతంలో టైలెనాల్ మాత్రల్లో ఎవరో సైనైడ్ కలిపారు, ఏడుగురు చనిపోయారు. సెప్టెంబర్ చివర్లో మొదలైన ఆ భయం అక్టోబర్ అంతా ఉంది. తెలియని ఇంటి నుంచి మిఠాయి తీసుకోవాలంటే తల్లిదండ్రులు వణికిపోయారు. ఆ ఏడాది హాలోవీన్ వ్యాపారం గట్టి దెబ్బ తింది, బెన్ కూపర్ ఆ తర్వాత అప్పుల్లో కూరుకుపోయింది. చివరికి 1990ల మొదట్లో రూబీస్ అనే పోటీ కంపెనీ చేతిలోకి వెళ్ళింది.

ఇవాళ ఆ పెట్టెలు, ఆ పల్చటి ముఖాలు కలెక్టర్ల గోడల మీద ఫ్రేములు కట్టి ఉన్నాయి. అంతే కాదు, ఆ 60ల నాటి మాస్క్‌ల పోలికలో, వేసుకోవడానికి కాకుండా కేవలం గోడ కోసమే పెద్ద సైజులో ప్లాస్టిక్ ముఖాలు తయారు చేసే కంపెనీలు ఇప్పుడు ఉన్నాయి. చెత్తబుట్ట కోసం పుట్టిన వస్తువు, గోడ కోసమే పుట్టే వస్తువు అయింది. ఇది దానంతట అది జరగలేదు. దీని వెనక అభిమానులు ఉన్నారు. ఇప్పుడు వాళ్ళ దగ్గరికి వెళ్దాం.

ప్లాస్టిక్ మాస్క్ ముఖం ముందు భాగాన్నే కప్పుతుంది. తల మొత్తం కప్పే రబ్బరు మాస్క్ వేరే జాతి. దీన్ని జనంలోకి తెచ్చిన పేరు డాన్ పోస్ట్. 1938లో ఆయన మొదలుపెట్టిన స్టూడియో లేటెక్స్‌తో, అంటే పాల లాంటి సహజ రబ్బరుతో, తలకి తొడుక్కునే మాస్క్‌లు చేసింది. ఫ్రాంకెన్‌స్టైన్ భూతం, మమ్మీ, తోడేలు మనిషి లాంటి యూనివర్సల్ సినిమాల భూతాలన్నీ చేశారు. వెంట్రుకలు అతికించి, చేత్తో రంగులు వేసి. ఇవి ఖరీదైనవి, పిల్లాడు ఒక రాత్రికి వేసుకుని పారేసేవి కావు.

ఈ మాస్క్‌లు ఊరూరా పిల్లలకి ఎలా తెలిశాయి? ఒక పత్రిక ద్వారా. 1958లో 'ఫేమస్ మాన్‌స్టర్స్ ఆఫ్ ఫిల్మ్‌ల్యాండ్' అని భూతాల సినిమాల పత్రిక ఒకటి వచ్చింది. దాని వెనక పేజీల్లో పోస్టులో తెప్పించుకునే వస్తువుల ప్రకటనలు ఉండేవి. అందులో డాన్ పోస్ట్ మాస్క్‌లు. కొనే స్థోమత లేని పిల్లలు కూడా ఆ ఫోటోలని గంటల తరబడి చూస్తూ కూర్చునేవాళ్ళు.

ఆ పత్రిక ఎడిటర్ ఫారెస్ట్ జె. యాకర్‌మ్యాన్. గీక్ అనే మాటకి ఒక మనిషి ముఖం పెట్టాలంటే నేను ఈయన ముఖమే పెడతాను. 1939లో న్యూయార్క్‌లో మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సదస్సు జరిగింది. అందరూ మామూలు బట్టల్లో వస్తే ఈయన, ఈయన స్నేహితురాలు మర్టిల్ డగ్లస్ భవిష్యత్తు మనుషుల వేషాల్లో వచ్చారు. ఆ వేషాలు కుట్టింది ఆవిడే. ఇవాళ కామిక్ కాన్‌లో మనం చూసే కాస్‌ప్లే మొదలు అక్కడే అంటారు. 1954లో 'సై-ఫై' అనే మాటని వాడుకలోకి తెచ్చింది కూడా ఈయనే.

లాస్ ఏంజెలెస్‌లో ఈయన ఇంట్లో 18 గదులు. ఆ ఇంటికి అభిమానులు పెట్టిన పేరు యాకర్‌మ్యాన్షన్. పుస్తకాలు, పోస్టర్లు, సినిమాల్లో వాడిన వస్తువులు, మాస్క్‌లు, అన్నీ కలిపి సుమారు 3 లక్షల వస్తువులు ఉండేవని చెబుతారు. గోడల మీద నటుల ముఖాల అచ్చులు ఉండేవి, అంటే నటుడి ముఖం మీద ప్లాస్టర్ వేసి తీసిన అసలు కొలతల ముఖాలు. మేకప్ వాళ్ళు పని కోసం తీసుకునే అచ్చులు అవి. సినిమా పూర్తయితే స్టూడియోకి వాటితో పని లేదు. ఈయన వాటిని ఇంటికి తెచ్చుకున్నాడు. శనివారాలు తలుపు తెరిచి పెట్టేవాడు. ఎవరైనా రావచ్చు, టికెట్ లేదు. ఆ ఇంట్లో తిరిగిన పిల్లల్లో చాలామంది తర్వాత సినిమాల్లో మేకప్, స్పెషల్ ఎఫెక్ట్స్ పనుల్లోకి వెళ్ళారు.

ఒక్కసారి ఆలోచించండి. ఆ కాలంలో స్టూడియోలకి అవి చెత్త. మ్యూజియంలకి అవి పిల్లల బొమ్మలు. రోమన్ల మైనపు ముఖాలకి ఒక కుటుంబం ఉంది, పరువు ఉంది. ఈ ముఖాలకి ఎవరున్నారు? ఒక అభిమాని ఇంటి గోడ ఉంది. అంతే.

సరే, ఇప్పుడు ఇవాళ్టి ఎపిసోడ్‌లో నాకు అన్నింటికంటే ఇష్టమైన మాస్క్ దగ్గరికి వచ్చాం.

1975లో డాన్ పోస్ట్ స్టూడియో స్టార్ ట్రెక్ సీరియల్‌లోని కెప్టెన్ కర్క్ ముఖంతో ఒక మాస్క్ తెచ్చింది. కర్క్ పాత్ర వేసింది విలియం షాట్నర్. 1978లో జాన్ కార్పెంటర్ అనే యువ దర్శకుడు సుమారు 3 లక్షల డాలర్లతో 'హాలోవీన్' అనే సినిమా తీస్తున్నాడు. హాలీవుడ్ లెక్కల్లో అది చిల్లర. అందులో హంతకుడికి ఒక మాస్క్ కావాలి, ప్రత్యేకంగా చేయించడానికి డబ్బు లేదు. ప్రొడక్షన్ డిజైనర్ టామీ లీ వాలెస్ హాలీవుడ్ బులెవార్డ్‌లోని ఒక మేజిక్ సామాన్ల షాపుకి వెళ్ళి రెడీమేడ్ మాస్క్‌లు కొనుక్కొచ్చాడు. ఒకటి జోకర్‌ది, ఒకటి కెప్టెన్ కర్క్‌ది. కర్క్ మాస్క్ ధర 1.98 డాలర్లు అని చెబుతారు. దాని కనుబొమ్మలు, చెంపల పక్కన జుట్టు పీకేశాడు. కంటి రంధ్రాలు పెద్దవి చేశాడు. ముఖానికి తెల్ల రంగు కొట్టాడు, జుట్టు రంగు మార్చి చెరిపేశాడు. రెండు మాస్క్‌లూ వేసి చూశారు. జోకర్ భయంగానే ఉన్నాడు. కానీ ఈ తెల్ల ముఖం వేసుకుని మనిషి ఊరికే నిలబడితే అందరికీ ఒళ్ళు గగుర్పొడిచింది.

మేం ఐటీలో ఉన్నప్పుడు దీన్ని ఫోర్క్ చేయడం అనేవాళ్ళం. ఎవరో రాసిన ప్రోగ్రామ్ తీసుకుని, అక్కర్లేనిది తీసేసి, మన అవసరానికి మార్చుకోవడం. కర్క్ అంటే ధైర్యం, నవ్వు, నక్షత్రాల మధ్య ప్రయాణం. ఆ ముఖంలోంచి నవ్వు, కనుబొమ్మలు, రంగు తీసేస్తే మిగిలింది మైకెల్ మైయర్స్ అనే హంతకుడు. వాళ్ళు కొత్తగా పెట్టింది దాదాపు ఏమీ లేదు. ఉన్నది తీసేశారు. సినిమా అమెరికాలోనే సుమారు 4.7 కోట్ల డాలర్లు వసూలు చేసింది. అంతరిక్ష నౌక కెప్టెన్ ముఖం ఇప్పటికీ ప్రతి అక్టోబర్‌లో లక్షల ఇళ్ళల్లో కనిపిస్తోంది, కానీ చాలామంది ఆయన్ని గుర్తుపట్టరు.

ఇందులో ఒక చేదు విషయం కూడా ఉంది. 1981లో రెండో భాగం తీసేటప్పుడు అదే మాస్క్ మళ్ళీ బయటికి తీశారు. మూడేళ్ళలోనే దాని రంగు పసుపు తిరిగింది, ఆకారం మారిపోయింది. రెండు సినిమాలు పక్కపక్కన పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది, అది వేరే ముఖంలా ఉంటుంది. లేటెక్స్ సహజ రబ్బరు. ఎండ, వేడి, గాలిలోని ఓజోన్ దాన్ని తినేస్తాయి. ముందు గట్టిపడుతుంది, తర్వాత పగులుతుంది, చివరికి పొడిగా రాలుతుంది. ఆ అసలు మాస్క్ తర్వాత ఒక కలెక్టర్ చేతికి చేరింది. ఇప్పుడది ముడతలు పడిన ముసలి ముఖంలా ఉంది.

యాకర్‌మ్యాన్ గోడలు కూడా నిలవలేదు. వయసు మీద పడింది, అనారోగ్యం, కోర్టు ఖర్చులు. 2002 ప్రాంతంలో ఆయన ఆ పెద్ద ఇల్లు వదిలేసి చిన్న ఇంటికి మారాల్సి వచ్చింది, వస్తువులు చాలావరకు అమ్మేశాడు. 2008 డిసెంబర్‌లో 92వ ఏట చనిపోయాడు. మిగిలినవి వేలం వేశారు. దాన్నంతటినీ ఒక్క చోట మ్యూజియంగా ఉంచాలని ఆయన ఎన్నో ఏళ్ళు కోరుకున్నాడు, అది జరగలేదు. గోడ మాస్క్‌ని కాపాడుతుంది, కానీ గోడ ఉన్నంతకాలమే.

ఇప్పుడు ఇంకో మాస్క్ చూద్దాం. ఇది గోడ మీద నుంచి కిందకి దిగి రోడ్డు మీదకొచ్చింది.

1605 నవంబర్ 5న లండన్‌లో గై ఫాక్స్ అనే మనిషి పార్లమెంటు కింద 36 పీపాల తుపాకీ మందుతో పట్టుబడ్డాడు. రాజు ఒకటో జేమ్స్‌ని, పార్లమెంటుని పేల్చేయాలని కొందరు కేథలిక్కులు చేసిన కుట్ర అది. 1606 జనవరిలో అతనికి మరణశిక్ష అమలు చేశారు. అప్పటి నుంచి ఇంగ్లండ్‌లో ప్రతి నవంబర్ 5న మంటలు వేసి అతని బొమ్మ తగలబెట్టడం ఆచారమైంది. మనం దసరాకి రావణుడి బొమ్మ కాలుస్తాం కదా, అలాగ. ఆ బొమ్మకి ముఖం కావాలి కాబట్టి అట్టతో చేసిన గై ఫాక్స్ మాస్క్‌లు వచ్చాయి. అంటే ఆ ముఖం మొదటి ఉద్యోగం ద్రోహిగా మంటల్లో కాలిపోవడం.

1982లో అలన్ మూర్, డేవిడ్ లాయిడ్ 'వి ఫర్ వెండెటా' అనే కామిక్ మొదలుపెట్టారు. నియంత ప్రభుత్వం మీద తిరగబడే హీరోకి గై ఫాక్స్ ముఖం పెడదాం అన్నది లాయిడ్ ఆలోచన. ద్రోహి ముఖం హీరో ముఖం అయింది. 2006లో సినిమా వచ్చింది, దాంతో ప్లాస్టిక్ మాస్క్‌లు అమ్మకానికి వచ్చాయి. 2008లో ఎనానిమస్ అనే ఇంటర్నెట్ గుంపు అవి పెట్టుకుని వీధి నిరసనలకి దిగింది. 2011లో ఆక్యుపై ఉద్యమంలో ప్రపంచమంతా కనిపించింది. మన ఇంజనీరింగ్ హాస్టళ్ళ గోడల మీదకి కూడా ఈ ముఖం పోస్టర్‌గా చేరింది. మరి ఆ మాస్క్ అమ్మిన కంపెనీ ఏది? బెన్ కూపర్‌ని కొనేసిన ఆ రూబీసే. ప్రతి మాస్క్ మీద రాయల్టీ వెళ్ళేది ఎవరికి? సినిమా హక్కులున్న టైమ్ వార్నర్ అనే పెద్ద కార్పొరేషన్‌కి! కార్పొరేషన్లని తిట్టడానికి వేసుకున్న ముఖం కూడా ఒక కార్పొరేషన్ లెక్కల్లో అమ్మకమే.

అందుకే నేను అంటాను, ముఖానికి సొంత అర్థం అంటూ ఉండదు. ఎవరి చేతిలో, ఏ గోడ మీద ఉందో దాన్ని బట్టే అర్థం.

ఇంతసేపు ఎక్కడెక్కడో తిరిగాం. మన దగ్గర ఇలాంటిది లేదా? ఉంది. కొత్త ఇల్లు కడుతుంటే కోరలు, పెద్ద కళ్ళు, బయటికి చాచిన నాలుకతో రాక్షసుడి ముఖం తగిలిస్తాం, దిష్టి తగలకుండా. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడతాం. అమెరికాలో మన వాళ్ళ ఇంట్లో అక్టోబర్‌లో చూడండి. లోపల దసరాకి బొమ్మల కొలువు మెట్లు, బయట వాకిట్లో హాలోవీన్ గుమ్మడికాయ. పిల్లలకి ఇందులో తేడా ఏమీ కనిపించదు. ఏడాదికోసారి పెట్టెలోంచి బొమ్మలు తీసి, తుడిచి, వరస పెట్టి, వచ్చిన వాళ్ళకి చూపించి, మళ్ళీ పాత గుడ్డలో చుట్టి దాచడం. సీజనల్ డెకరేషన్ అంటే అదే కదా, మన అమ్మమ్మలు దానికి ఆ పేరు పెట్టలేదు అంతే.

అన్నింటికంటే దగ్గరి ఉదాహరణ చేర్యాల. సిద్దిపేట జిల్లాలో ఉంది ఈ ఊరు. అక్కడి నకాషీ కళాకారులు తరతరాలుగా పొడుగాటి గుడ్డ పటాల మీద కథలు బొమ్మలుగా గీసేవాళ్ళు. ఆ పటాలు విప్పుతూ కథ చెప్పే వాళ్ళు ఊళ్ళు తిరిగేవాళ్ళు. ప్రతి కులానికీ ఒక పురాణం, దానికో పటం, దాన్ని చెప్పడానికో బృందం. కథ చెప్పడానికి పటాలతోపాటు చెక్క పొట్టు, చింతగింజల గుజ్జుతో చేసిన బొమ్మలు కూడా వాడేవాళ్ళు. సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, కథ వినేవాళ్ళు తగ్గారు. పటానికి పని లేకపోతే గీసేవాడికి అన్నం లేదు. అప్పుడు ఈ కుటుంబాలు పొడుగాటి పటాలని ఫ్రేములో పట్టే చిన్న బొమ్మలుగా మార్చాయి. కొబ్బరి చిప్పల మీద అదే గుజ్జుతో ముఖాలు చేశాయి. ఎర్రటి రంగు, పెద్ద కళ్ళు, మీసాలు, ముక్కుపుడకలు. శిల్పారామంలో, గోల్కొండ హస్తకళల షాపుల్లో జంటగా అమ్ముతారే, ఆ చేర్యాల మాస్క్‌లు ఇవే. ఎవరూ ముఖానికి పెట్టుకోరు. నేరుగా గోడకే.

"అయ్యో, సంప్రదాయ కళ షోకేస్ బొమ్మ అయిపోయింది" అని బాధపడేవాళ్ళు ఉన్నారు. ఆ బాధలో నిజం ఉంది, ఎందుకంటే కథ పోయి ముఖమే మిగిలింది. కానీ గోడ కూడా లేకపోతే ఆ ముఖం కూడా మిగిలేది కాదు. చెయ్యి తిరిగిన పని ఒకసారి ఆగిపోతే వీడియో చూసి మళ్ళీ నేర్చుకోలేం.

చివరిగా, ఈ సీజన్‌లో గోడ అలంకరించాలనుకునే వాళ్ళకి నాలుగు మాటలు. కొత్తవి కొనేముందు ఇంట్లో చూడండి. కాలేజీ ఫెస్ట్‌లో వాడినది, పిల్లల స్కూల్ వేషంలోది, అటక మీద ఏదో ఒకటి ఉంటుంది. లేటెక్స్ మాస్క్ అయితే పడమటి ఎండ పడే గోడ వద్దు. మన మే నెల ఎండకి హాలీవుడ్ మాస్కే నిలవదు. లోపల మెత్తటి తెల్ల కాగితం కూరి గుండ్రంగా నిలబెట్టండి, న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుకుంటుంది. మాస్క్‌కి మేకు కొట్టకండి, థర్మకోల్ తలకి తొడిగి ఆ తలని గోడకి బిగించండి. పాత ప్లాస్టిక్‌ది అయితే దాని ఎలాస్టిక్‌తో వేలాడదీయకండి, స్టేపుల్ దగ్గర చీలుతుంది. అంచు కింద రెండు చిన్న మేకులు ఆసరా పెడితే చాలు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల వర్షాకాలంలో బూజు పడుతుంది, అప్పుడు దించి పొడిగా దాచండి. ఒక చేర్యాల జంట పక్కన ఒక డార్త్ వేడర్ పెట్టి చూడండి, బాగుంటుంది. ఇంకో పని కూడా చేయండి. వెనకాల చిన్న కాగితం అతికించి, ఇది ఎవరి ముఖం, ఎవరు చేశారు, ఎప్పుడు ఎక్కడ వేసుకున్నారు అని రాసి పెట్టండి. రోమన్ల ఇళ్ళల్లో ఆ మైనపు ముఖాల పక్కన పేర్లు, పదవులు రాసి ఉండేవి. పేరు లేకపోతే మనవలకి అది వట్టి ప్లాస్టిక్కే.

మీ ఇంట్లో గోడ మీద ఇలాంటి ముఖం ఏదైనా ఉంటే, దాని మొదటి ఉద్యోగం ఏమిటో కామెంట్లలో రాయండి. మళ్ళీ ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకు సెలవు, నమస్తే.